పన్నెండో క్లిప్పు

శ్రావణం ముసురు.
వశిష్ఠ ఎర్రగా, చిక్కగా
టీకొట్టు డికాక్షన్‌లా దిగుతోంది.
నరసాపురంలో మా వసారా నిండా
ఒక ఫియట్టు కారు లోపలి బతుకు పరిచి ఉంది:
తలుపు అట్టలు నాలుగు, సీట్లు, పైకప్పు గుడ్డ,
అద్దం తిప్పే పిడులు, బేకలైటు బొత్తాలు,
ఉప్పు డబ్బాలో స్క్రూలు.
ఉప్పు ఎక్కడ పోశానో
కరుణమ్మ ఇంకా అడగలేదు.

ఇంజను నాకో లెక్క కాదు.
ముప్పై ఏళ్లు లాంచీ ఇంజన్లతో కాపరం చేసినవాణ్ని,
పొగ వాసన చూసి రోగం చెబుతాను.
గుడ్డ దగ్గరే నా చేతులు మొద్దులు.

అది పాలకొల్లు డాక్టరుగారి బండి.
షెడ్డులో కొబ్బరి డొక్కల కింద ఇరవై రెండేళ్లు పడుకుంది.
వెనక సీటు విప్పితే ఎలక గూడు.
గడ్డి కాదు, పీచు కాదు,
మందుల చీటీలు కొరికి కట్టుకున్న గూడు.
ఒక ముక్క మీద 'రోజుకు మూడు',
ఒకదాని మీద 'పాలల్లో కలిపి',
ఇంకోదాని మీద సగం పేరు, '...వేంకమ్మ, వయసు'
వయసు ఎలక తినేసింది.
పారెయ్యకు, అంది.
హార్లిక్స్ సీసాలో పోసి మూత బిగించాను.

తేమకి తలుపు అట్టలు పూరీల్లా పొంగాయి.
రుబ్బురోలు పొత్రం ఎక్కించి తొమ్మిది రోజులు అణిచాం.
ఆ తొమ్మిది రోజులూ ఇంట్లో ఇడ్లీ లేదు.
చింతపండుతో తోమితే క్రోము పట్టీలో
ముందు మబ్బు కనిపించింది,
ఆ తరవాత నా ముక్కు.

రెక్సిను అసలు రంగేమిటి?
మట్టి, అన్నాను నేను.
బూడిద, అన్నాడు పక్కింటి జోగయ్య.
నల్లది కొట్టేసెయ్యండి మావయ్యా, ఎవడు చూడొచ్చాడు, అని కూడా అన్నాడు.
కరుణమ్మ అద్దం పిడి కింది బిళ్ల ఊడదీసింది.
ఎండ తగలని రూపాయంత చోట
ఆకుపచ్చ.
ఊడ్చిన పన్నెండో రోజు
చేను వేరు పట్టిన పచ్చ.
ఆ రూపాయంత ముక్క జేబులో పెట్టుకుని
భీమవరం, తణుకు, రాజమండ్రి
బాకీ వసూలుకి తిరిగినట్టు తిరిగాను.

లేసు అల్లిన చేతులు ఆవిడవి.
ఏడో ఏట సూది పట్టింది.
ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరుస్తారో తెలియని పువ్వుల్ని
కండె లెక్కన కూలికి అల్లింది.
ఇప్పుడు అదే సూది కొక్కెంతో
పాత కుట్టు పోగు తెగకుండా లాగుతోంది.
"కుట్టినోడిది ఎడమచేతి వాటం"
అంది ఉన్నట్టుండి.
ఎప్పటివాడో, ఎక్కడివాడో,
ఒక్క ముడి దగ్గర దొరికిపోయాడు.
వాడి కన్నాల్లోంచే మళ్లీ కుట్టుకొచ్చింది,
కొత్త కన్నం ఒక్కటి పొడవలేదు.

సీట్లలోకి అంబాజీపేట పీచు.
ముసురుకి జిగురు ఆరదు.
బొగ్గుల ఇస్త్రీపెట్టె గాల్లో పట్టుకుని
అట్ట చుట్టూ తిప్పుతూ నిలబడ్డాను,
పిల్లాడికి దిష్టి తీస్తున్నట్టు.

వెనక ఎడమ తలుపుకి చేత్తో పట్టుకునే పట్టీ.
దాని లోపలివైపు గోళ్ల గాట్లు.
వరసగా నాలుగు, మళ్లీ నాలుగు, ఆపైన లెక్క తెలియదు.
అర్ధరాత్రి పంటి మీద ఏరు దాటిన కాన్పులెన్నో.
దాని మీద కొత్త రెక్సిను చుట్టబోతే
నా చేతి మీద ఒక్కటి కొట్టింది.
ఎందుకని నేను అడగలేదు.
మా నట్టింటి ఉయ్యాల కొక్కేనికి
నలభై ఏళ్లుగా గొడుగులే తగిలిస్తున్నాం.

తలుపుకి పన్నెండు క్లిప్పులు.
ఆ తలుపుకి పదకొండే దొరికాయి.
పన్నెండోది సైకిలు పుల్ల వంచి చేశాను.

తెరిపిచ్చిన ఆదివారం బయల్దేరదీశాను.
ముందు సీటు తుడిచి తలుపు తీస్తే
వెనకే కూర్చుంటానంది, ఎడమ పక్కన.
చించినాడ వంతెన మీద
మూడో గేరులో బండి నున్నగా పోతుంటే
టకటక, టకటక.
"ఏంటండీ అది?"
"పన్నెండోది."
"గుండీ ఊడిన జాకెట్టులాగుంది మీ పని."
అద్దంలోంచి చూశాను.
ఒక చెయ్యి పట్టీ మీద,
రెండో అరచెయ్యి అట్టకి ఆనించి
కిటికీలోంచి ఏరు చూస్తోంది.
దిండి దాకా
చప్పుడు లేదు.